కెర్నెల్‌ని నడుస్తుండగా మార్చడం గురించి మీరు వేసిన ముక్కకి ఓ సవరణ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ టెక్ పేజీలో కింద మూల చిన్న బాక్సు వేశారు, ఇక సర్వర్లని ఆపాల్సిన పనే లేదు, నడుస్తుండగానే కెర్నెల్‌ని మార్చేస్తారు అని. కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో అన్నిటికీ అడుగున ఉండి మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే సాఫ్ట్‌వేర్. మా అబ్బాయి అది చదివి "నాన్నా, మరి నువ్వెందుకు శనివారం రాత్రి వెళ్లి ఆదివారం పొద్దున నాలుగింటికి ఇంటికొస్తున్నావ్" అని అడిగాడు. సమాధానం చెప్పడం మొదలుపెడితే టిఫిన్ చల్లారిపోయింది, వాడికి సగమే అర్థమైంది, అందుకే మిగతా సగం మీకు రాస్తున్నా. నేను పంతొమ్మిదేళ్లుగా లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే సర్వర్ల మీదే బతుకుతున్నా కాబట్టి కొంచెం పెద్దగానే ఉంటుంది, ఏమనుకోకండి.

మీరు రాసింది పూర్తిగా అబద్ధం అని కాదు. మార్చొచ్చు, రోజూ మారుస్తున్నారు కూడా. కానీ "పనే లేదు" అన్న మాట తప్పు, "మార్చేస్తారు" అన్నది మరీ స్విచ్ నొక్కినట్టు ఉంది. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ రెండు మాటలూ రాసేవాళ్లు కాదు.

ఒకే సీపీయూ ఉన్న రోజుల్లో ఇది పెద్ద సమస్య కాదు. కోడ్ మార్చాలంటే ఇంటరప్ట్‌లు, అంటే చేస్తున్న పని ఆపించి సీపీయూని వేరే పనికి పిలిచే సంకేతాలు, ఆపి, మెమరీలో ఆ నాలుగైదు బైట్లు మార్చి, మళ్లీ ఇంటరప్ట్‌లు వదలడమే, చూసేవాడు ఇంకెవడూ లేడు కాబట్టి గొడవ లేదు. ఇప్పుడు జేబులో ఫోన్‌కే ఎనిమిది కోర్లు, అంటే ఎనిమిది సీపీయూలు ఉన్నట్టే, సర్వర్లలో అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది. వీటన్నిటికీ కెర్నెల్ కోడ్ మెమరీలో ఒక్కటే కాపీ, అందరూ దాన్నే చదువుకుంటూ పరిగెడుతుంటారు. మీరు ఒక చోట దిద్దుతుంటే అదే క్షణంలో ఇంకో కోర్ అదే లైన్ చదువుతూ ఉండొచ్చు.

మా అబ్బాయికి పెళ్లి వంటలతో చెప్పా. వెయ్యి మంది పెళ్లి, పదిమంది వంటవాళ్లు, గోడకి ఒకటే చీటీ అంటించి ఉంది, అందరూ దాన్నే చూసి వండుతున్నారు. పులిహోరకి "చింతపండు ఐదు కిలోలు" అని ఉన్నదాన్ని మీరు "నిమ్మకాయలు వంద" అని మార్చాలి. మీరు "ఐదు" కొట్టేసి "వంద" రాసి, ఇంకా మొదటి మాట దిద్దకముందే ఒకాయన వచ్చి చూసి వెళ్లాడనుకోండి, చింతపండు వంద కిలోలు నానబెట్టేస్తాడు. చీటీలో పాతది ఉన్నా పర్లేదు కొత్తది ఉన్నా పర్లేదు, సగం పాతది సగం కొత్తది మాత్రం ఎవడి కంటా పడకూడదు.

ఇంటెల్, ఏఎండీ చిప్పుల్లో ఇది అచ్చంగా ఇలాగే ఉంటుంది ఎందుకంటే వాటిలో ఒక ఇన్‌స్ట్రక్షన్, అంటే చిప్పుకిచ్చే ఒక్క ఆదేశం, ఒక బైట్ నుంచి పదిహేను బైట్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. కెర్నెల్‌లో ఎక్కువగా మార్చేది ఐదు బైట్ల జాగా. అక్కడ మామూలుగా "ఏమీ చేయకు" అనే ఐదు బైట్ల ఇన్‌స్ట్రక్షన్ ఉంటుంది, 0ఎఫ్ 1ఎఫ్ 44 00 00 అని. కావాల్సినప్పుడు దాని చోట "ఫలానా ఫంక్షన్‌కి వెళ్లు" అనేది పెట్టాలి, ఫంక్షన్ అంటే ఒక పని చేసే కోడ్ ముక్క, అది ఈ8 తో మొదలై తర్వాతి నాలుగు బైట్లలో ఎంత దూరం వెళ్లాలో చెప్తుంది. మొదటి బైట్ ఈ8 అయిపోయి మిగతా నాలుగు ఇంకా పాతవే ఉన్న క్షణంలో ఇంకో కోర్ వచ్చిందంటే, ఆ పాత అంకెల్నే దూరం అనుకుని ఎక్కడికో ఊరవతలికి దూకేస్తుంది. తర్వాత మిషన్ పడిపోతే అదృష్టం, పడకుండా తప్పుడు పని చేసుకుంటూ పోతే ఇంకా ఘోరం.

మొదట్లో దీనికి మోటు పద్ధతి వాడేవాళ్లు, స్టాప్ మెషిన్ అంటారు. పేరులోనే ఉంది కదా, అందరూ గరిటెలు కింద పెట్టి చేతులు కట్టుకుని నిలబడండి, నేను చీటీ మార్చుకుంటా, అయ్యాక చెప్తా. ప్రతి కోర్‌నీ ఇంటరప్ట్‌లు కూడా తీసుకోకుండా ఒక లూప్‌లో నిలబెట్టి, ఒక్కటి మాత్రం వెళ్లి మార్చేది. పద్ధతి సేఫే. కానీ నూట ఇరవై ఎనిమిది కోర్లున్న మిషన్‌లో అందరూ వచ్చి నిలబడేదాకా మిగతా వాళ్లు ఊరికే చూస్తుండాలి, పైగా ఎఫ్‌ట్రేస్ అని కెర్నెల్ లోపల ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో చూపించే సదుపాయం ఉంది, అది ఆన్ చేస్తే మార్చాల్సిన జాగాలు పదుల వేలల్లో ఉంటాయి. అన్నీ అయ్యేదాకా సర్వర్ మొత్తం బిగుసుకుపోతే షేర్ల ట్రేడింగ్ వాళ్లో టెలికాం వాళ్లో ఊరుకుంటారా.

అందుకని 2012 ప్రాంతంలో ఎఫ్‌ట్రేస్‌ని, ఆ తర్వాత మిగతా వాటినీ బ్రేక్‌పాయింట్ పద్ధతికి మార్చారు. నాకు ఈ మొత్తం సబ్జెక్ట్‌లో బాగా నచ్చేది ఇదే, ఎంత తెలివంటే చెప్పలేను. ఇంటెల్ చిప్పుల్లో సీసీ అని ఒకే ఒక్క బైట్ ఇన్‌స్ట్రక్షన్ ఉంది, ఇంట్ త్రీ అంటాం, ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే డీబగ్గర్లు వాడేది ఇదే. ఒక్క బైట్ కాబట్టి దాన్ని సగం రాయడం అనేదే ఉండదు, ఉంటే పాత బైట్ ఉంటుంది లేకపోతే సీసీ ఉంటుంది. ముందు ఆ ఐదింటిలో మొదటి బైట్ మీద సీసీ పెడతారు. అంటే చీటీలో ఆ లైన్ మొదట "ఆగు, నన్నడుగు" అని చిన్న స్టిక్కర్ అంటించినట్టు. ఇప్పుడు ఏ కోర్ అక్కడికొచ్చినా ముందుకి చదవదు, ట్రాప్ అయి కెర్నెల్ పెట్టిన హ్యాండ్లర్ దగ్గరికి వెళ్తుంది, అది "ఇది నేను మారుస్తున్న చోటే" అని గుర్తుపట్టి, అక్కడ చేయాల్సిన పని తనే చేసిపెట్టి ఆ కోర్‌ని ముందుకి పంపేస్తుంది. ఎవ్వరూ ఆగరు. ఈ లోపు వెనక ఉన్న నాలుగు బైట్లు తాపీగా మార్చుకోవచ్చు, వాటిని చదివేవాడే లేడు కాబట్టి. ఆఖరున సీసీ తీసి దాని చోట కొత్త మొదటి బైట్ పెట్టేస్తే అయిపోయింది.

అంతేనా అంటే కాదు, మధ్యలో ఇంకో మెలిక ఉంది, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు తప్పు చేసేది ఇక్కడే. వంటవాడు చీటీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక్క లైనే చూసి వెళ్లడు కదా, రెండు మూడు లైన్లు ముందే చదివి బుర్రలో పెట్టుకుంటాడు. సీపీయూ కూడా అంతే, ముందున్న ఇన్‌స్ట్రక్షన్లని ముందే తెచ్చి డీకోడ్ చేసి పెట్టుకుంటుంది. మీరు మెమరీలో మార్చినా దాని బుర్రలో పాతదే ఉండొచ్చు. అందుకని ప్రతి అడుగు తర్వాత, అంటే సీసీ పెట్టాక ఒకసారి, నాలుగు బైట్లు మార్చాక ఒకసారి, మొదటి బైట్ పెట్టాక ఇంకోసారి, అన్ని కోర్లకీ ఇంటరప్ట్ కొట్టి "బుర్రలో ఉన్నది మర్చిపోయి మళ్లీ చదువుకో" అని చెప్పాలి. ఆ ఇంటరప్ట్ అందుకున్న ప్రతి కోర్ సీరియలైజ్ చేసే, అంటే ముందే తెచ్చుకున్నది పారేయించే, ఇన్‌స్ట్రక్షన్ ఒకటి నడుపుతుంది. ఇది కెర్నెల్ వాళ్ల చాదస్తం కాదు, ఒక ప్రాసెసర్ నడుపుతున్న కోడ్‌ని ఇంకో ప్రాసెసర్ మార్చడం గురించి ఇంటెల్ మాన్యువల్‌లోనే ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది, ఇలా సింక్ చేయకపోతే ఏం జరుగుతుందో చిప్పుని బట్టి ఉంటుంది అని రాసి చేతులు దులిపేసుకున్నారు.

ఇంకోటి, కెర్నెల్ కోడ్ ఉన్న మెమరీకి రాసే అనుమతి ఉండదు, హ్యాకర్లు దూరి మార్చకుండా అది రీడ్ ఓన్లీ. మరి కెర్నెల్ తనే ఎలా రాస్తుంది అంటే అదే మెమరీకి ఇంకో అడ్రస్ కాసేపు తెరిచి, ఆ ఒక్క కోర్‌కే కనపడేలా పెట్టుకుని, దాని గుండా రాసి మూసేస్తుంది. ఇంటికి ముందు తలుపు తాళం వేసే ఉంచి పెరటి తలుపు రెండు నిమిషాలు తీసినట్టు.

ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్పులది వేరే గోల. 64 బిట్ ఆర్మ్‌లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ నాలుగు బైట్లే కాబట్టి సగం చదవడం అనే బాధ తక్కువ, కానీ కోడ్‌కి ఒక క్యాష్, అంటే చిప్పులోనే ఉండే చిన్న వేగమైన మెమరీ, డేటాకి ఒక క్యాష్ వేరువేరుగా ఉండి ఒకదాంట్లో రాసింది ఇంకోదానికి దానంతటది తెలియకపోవచ్చు, చేత్తో శుభ్రం చేసి చెప్పాలి. దాని జోలికి ఇప్పుడు పోను.

మా అబ్బాయి అడిగాడు, తప్పు జరిగితే ఏమవుతుంది, రీస్టార్ట్ చేస్తే సరిపోదా అని. సరిపోని కథ ఒకటి ఉంది. 2008 లో లైనక్స్ 2.6.27 ఇంకా తయారవుతున్న రోజుల్లో, దాన్ని టెస్ట్ చేస్తున్న వాళ్ల ల్యాప్‌టాపుల్లో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు చచ్చిపోవడం మొదలుపెట్టాయి. హ్యాంగ్ అవ్వడం కాదు, నిజంగా చచ్చిపోవడం, కార్డులోపల ఉండే ఫ్లాష్ మెమరీ చెరిగిపోయి రీబూట్ చేసినా పాత కెర్నెల్ పెట్టినా లేచేవి కావు. అందరూ ఇ1000ఇ అనే ఆ కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌నే తిట్టారు, ఆ డ్రైవర్ రాసినవాళ్లు వారాల తరబడి తలలు పట్టుకున్నారు. చివరికి దొంగ ఎవరంటే ఎఫ్‌ట్రేస్.

జరిగింది ఇది. అప్పట్లో ఎఫ్‌ట్రేస్ నడుస్తుండగా ఏ ఏ అడ్రసుల్లో తను మార్చాల్సిన కోడ్ ఉందో లిస్టు రాసుకుని, తర్వాత తీరిగ్గా వచ్చి మార్చేది. కెర్నెల్‌కి విడిగా తగిలించే ముక్కల్లో, మాడ్యూళ్లంటాం, కొన్నిటిలో మొదట ఒక్కసారి నడిచి ఆ తర్వాత మెమరీ వదిలేసే కోడ్ ఉంటుంది. ఆ కోడ్ అడ్రసులు కూడా లిస్టులో ఉండిపోయాయి. కోడ్ పోయింది, అద్దెకున్న వాళ్లు ఖాళీ చేసినట్టే, ఆ అడ్రస్‌లోకి కొత్తగా దిగింది ఎవరంటే ఆ నెట్‌వర్క్ కార్డు రిజిస్టర్లు, అంటే కార్డుకి ఆర్డర్లిచ్చే గళ్లు. ఎఫ్‌ట్రేస్ వచ్చి "ఇక్కడ నేననుకున్న బైట్లే ఉంటేనే మార్చు" అనే ఇన్‌స్ట్రక్షన్ నడిపింది. జాగ్రత్తగానే ఉన్నట్టుంది కదా, కానీ ఆ ఇన్‌స్ట్రక్షన్ స్వభావం ఏంటంటే పోలిక కుదరకపోయినా ఉన్న విలువనే మళ్లీ రాస్తుంది. మామూలు మెమరీలో ఉన్నదే మళ్లీ రాస్తే ఏమీ కాదు. హార్డ్‌వేర్ రిజిస్టర్‌లో రాయడం అంటే ఒక ఆర్డర్ ఇవ్వడమే. 2.6.27 తర్వాత వెంటనే వచ్చిన 2.6.27.1 లో ఎఫ్‌ట్రేస్‌లో ఆ డైనమిక్ భాగాన్నే బ్రోకెన్ అని గుర్తు పెట్టి ఆపేశారు. తర్వాత ఆ లిస్టుని నడుస్తుండగా కాకుండా కెర్నెల్ కంపైల్ అయ్యేటప్పుడే తయారు చేసేలా మార్చారు. మా టీంలోకి ఎవరు కొత్తగా వచ్చినా మొదటి వారంలోనే నేను ఈ కథ చెప్తా.

ఇంతకీ ఈ పనిలో మన దేశం వాళ్ల చెయ్యి తక్కువేం లేదు. కెప్రోబ్స్ అని, నడుస్తున్న కెర్నెల్‌లో దాదాపు ఎక్కడైనా ఇంట్ త్రీ పెట్టి తొంగిచూసే సదుపాయం ఉంది, 2004 లో 2.6.9 తో కెర్నెల్‌లోకి వచ్చింది. దాని సోర్స్ కోడ్ ఫైల్ ఇప్పుడు తెరిచినా పైనే కనిపిస్తుంది, 2002 అక్టోబర్‌లో వంశీకృష్ణ మొదలుపెట్టినట్టు, 2004 లో సుపర్ణా భట్టాచార్య, ప్రసన్న పంచముఖి పెంచినట్టు, అంతా ఐబీఎం ఇండియా అడ్రసులతో. దాన్ని ఇంకా వేగంగా చేయడానికి తర్వాత ఇంట్ త్రీ బదులు ఐదు బైట్ల జంప్ పెట్టడం వచ్చింది, అక్కడ ఇంకో చిక్కు, ఆ ఐదు బైట్లలో రెండు మూడు చిన్న ఇన్‌స్ట్రక్షన్లు ఉండొచ్చు, ఏదో ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, సరిగ్గా వాటి మధ్యలో ఆగి నిద్రపోయి ఉండొచ్చు. కోర్లన్నిటికీ ఇంటరప్ట్ కొట్టినా నిద్రలో ఉన్నవాడికి వినపడదు. వాడు లేచి సగంలోంచి నడవడం మొదలుపెడితే కొత్త జంప్ ఇన్‌స్ట్రక్షన్ నడుం మీద అడుగేస్తాడు. కాబట్టి అలాంటి వాళ్లంతా ఆ చోటు దాటేదాకా ఎదురుచూడాలి, దానికి ఆర్‌సీయూ టాస్క్స్ అని వేరే ఏర్పాటు ఉంది.

ఇప్పుడు మీరు రాసిన అసలు విషయానికి వస్తున్నా, లైవ్‌ప్యాచ్. అంటే నడుస్తుండగానే కెర్నెల్‌కి ప్యాచ్, సరిచేసిన కోడ్ ముక్క, పెట్టడం. ఎంఐటీలో జెఫ్ ఆర్నాల్డ్ అనే ఆయన కేస్ప్లైస్ అని చేశాడు, 2009 లో వచ్చిన వాళ్ల పరిశోధన పేపర్‌లో 2005 మే నుంచి 2008 మే దాకా వచ్చిన 64 సెక్యూరిటీ ప్యాచుల్లో 56 కొత్త కోడ్ ఏమీ రాయకుండానే నడుస్తున్న కెర్నెల్‌కి పెట్టగలిగాం అని చూపించారు. 2011 లో దాన్ని ఒరాకిల్ కొనేసింది. 2014 లో లైనక్స్ అమ్మే కంపెనీలు రెండు, రెడ్‌హ్యాట్ కెప్యాచ్ అని, సూసె కెగ్రాఫ్ట్ అని ఒకేసారి తెచ్చారు, ఇద్దరి పనీ కలిసి 2015 ఏప్రిల్‌లో లైనక్స్ 4.0 లో లైవ్‌ప్యాచ్ పేరుతో మొదటి రూపం వచ్చింది. ఇది చేసేదేంటంటే పైన చెప్పిన ఐదు బైట్ల జాగానే వాడుకుంటుంది. ప్రతి ఫంక్షన్ మొదట్లో ఎఫ్‌ట్రేస్ కోసం వదిలిన ఆ జాగా ఉంటుంది కదా, తప్పున్న ఫంక్షన్ మొదట్లో కాల్ పెట్టి, వచ్చినవాళ్లని సరిచేసిన కొత్త ఫంక్షన్‌కి మళ్లిస్తుంది. పాత ఫంక్షన్ అక్కడే ఉంటుంది, ఎవరూ దాని లోపలికి వెళ్లరు, అంతే.

కానీ బైట్లు సరిగ్గా మార్చినంత మాత్రాన అర్థం సరిగ్గా మారినట్టు కాదు. ఒక ప్యాచ్‌లో రెండు ఫంక్షన్లు మారాయనుకోండి, పాత పద్ధతిలో మొదటిది తాళం వేస్తుంది రెండోది తీస్తుంది, కొత్త పద్ధతిలో తాళం వేసేదీ తీసేదీ మొదటిదే. ఒక ప్రాసెస్ పాత మొదటిదాంట్లోంచి కొత్త రెండోదాంట్లోకి వెళ్తే తాళం వేసింది వేసినట్టే ఉండిపోతుంది. అందుకని 2017 లో 4.12 నుంచి ఒక్కో ప్రాసెస్‌నీ విడివిడిగా మారుస్తున్నారు, నిద్రలో ఉన్నదాని స్టాక్, అంటే అది ఏ ఏ ఫంక్షన్ల మధ్యలో ఉందో చెప్పే లిస్టు, చూసి అందులో మారే ఫంక్షన్లేవీ లేకపోతేనే కొత్త వైపుకి, నడుస్తున్నవి కెర్నెల్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు కొత్త వైపుకి. అన్నీ మారేదాకా ఆ ప్యాచ్ తాలూకు ట్రాన్సిషన్ అనే ఫైల్‌లో 1 అని ఉంటుంది. మొత్తం అయిపోతే 0.

ఆ 1 ఎన్ని రోజులుంటుంది అంటే చెప్పలేం. నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో ప్యాచ్ పెట్టేశాం, డాష్‌బోర్డ్‌లో పచ్చగా వచ్చేసింది, మేనేజర్‌కి మెయిల్ కొట్టేశాం. పదకొండు రోజుల తర్వాత ఎవరో ఆ ఫైల్ తెరిచి చూస్తే ఇంకా 1. ఎప్పుడో తీసేసిన నెట్‌వర్క్ డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఒక ప్రాసెస్ నిద్రపోతోంది, దాని స్టాక్‌లో సరిగ్గా మేం మార్చాల్సిన ఫంక్షనే ఉంది. మిగతావన్నీ కొత్త వైపుకి వెళ్లిపోయాయి, అదొక్కటీ చంపినా చావదు. చివరికి రీబూట్ చేశాం. రీబూట్ చేయకుండా ఉండటానికే కదండీ ఇదంతా.

ఇంకో పిచ్చి కూడా చూశా అక్కడే. ఈ లైవ్‌ప్యాచ్ వచ్చాక సర్వర్ రీబూట్ చేయకపోవడం గొప్ప అయిపోయింది, ఎనిమిది వందల రోజులు నడిచిందని స్క్రీన్‌షాట్ పెట్టుకున్నవాడికి ఆఫీసులో చప్పట్లు. ఒక రాత్రి కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. మళ్లీ ఆన్ చేస్తే ఆ సర్వర్ లేవలేదు, ఎందుకంటే ఆ ఎనిమిది వందల రోజుల్లో ఎవరో డిస్క్ సెట్టింగ్ మార్చి బూట్ ఫైల్‌లో సరిచేయడం మర్చిపోయారు, అది రీబూట్ చేస్తే తప్ప బయటపడదు. దాన్ని లేపేసరికి తెల్లారి తొమ్మిదైంది, బయట జనం "సర్వర్ డౌన్" అని తిట్టుకుంటున్నారు. తిట్టింది న్యాయమే.

అన్నీ లైవ్‌గా మార్చలేరు కూడా. ఒక స్ట్రక్చర్, అంటే డేటాని అమర్చే నమూనా, దాని రూపమే మారితే, అప్పటికే మెమరీలో ఆ పాత రూపంలో లక్షల ముక్కలు తిరుగుతుంటాయి, వాటిని ఎవడు వెతికి మారుస్తాడు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే చిప్పుల లోపం బయటపడినప్పుడు కెర్నెల్‌లోకి వచ్చే దారినీ, మెమరీ అడ్రసుల పట్టికలైన పేజీ టేబుళ్లనీ మార్చాల్సి వచ్చింది, లైవ్‌ప్యాచ్ డబ్బు కట్టి తీసుకున్నవాళ్లలో కూడా చాలామందికి రీబూట్ తప్పలేదు. ఆ నెలలో నేను ఇంట్లో పడుకున్న రాత్రులు లెక్కపెట్టొచ్చు, ఆ ఏడు సంక్రాంతికి ఊరెళ్లలేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

మీ బాక్సులో చివరి లైన్‌లో క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ గొడవని కూడా దీంట్లో కలిపేశారు, అది కూడా సరిచేయాలి. 2024 జూలై 19న దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయాయి, హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారని ఫోటో దేశమంతా తిరిగింది, మీరూ వేశారు. కానీ అక్కడ కెర్నెల్ కోడ్ ఏమీ మారలేదు. కెర్నెల్ లోపల నడుస్తున్న డ్రైవర్ చదువుకునే ఒక డేటా ఫైల్ మారింది, ఆ డ్రైవర్ 20 విలువలు అందుకుని 21వది చదవబోయి పడిపోయింది. బైట్ బైట్‌కీ ఇంటరప్ట్ కొట్టి మార్చే ఈ జాగ్రత్తలు ఎన్ని ఉన్నా దాన్ని ఆపేవి కావు, అది వేరే జబ్బు. నాకు మంట ఎక్కడంటే, కోడ్ మార్చడానికి ఇన్ని భయాలు పెట్టుకున్న మన ఫీల్డే "డేటానే కదా" అని ఆ ఫైల్‌ని ప్రపంచం మొత్తానికి ఒకేసారి పంపడం.

కాబట్టి నా మనవి, ఆ బాక్సుకి చిన్న సవరణ వేయండి. కొన్ని రకాల తప్పుల్ని సర్వర్ ఆపకుండా తాత్కాలికంగా సరిచేయొచ్చు, రీబూట్‌ని రేపటికో వచ్చే వారానికో మనకి వీలైన టైముకి జరుపుకోవచ్చు అని రాస్తే చాలు. ఇదెందుకు అడుగుతున్నానంటే మీ పేపర్ చదివేవాళ్లలో చిన్న చిన్న ఆసుపత్రులు, కోఆపరేటివ్ బ్యాంకులు నడిపేవాళ్లు ఉంటారు, "పేపర్లో వేశారు కదా, రీబూట్ అక్కర్లేదంట" అని రాత్రిపూట రెండు గంటలు ఆపడానికి ఒప్పుకోకపోతే ఆ మాట పడేది నాలాంటి వాడే.

ఉత్తరం పొడుగైందని తెలుసు. చోటు సరిపోకపోతే పులిహోర తీసేయండి, నెట్‌వర్క్ కార్డుల కథ మాత్రం కత్తిరించకండి.

ఇట్లు
మీ పాత పాఠకుడు, రాత్రి షిఫ్ట్ సర్వర్ ఉద్యోగి
కూకట్‌పల్లి, హైదరాబాద్